సజ్జ పిండి చేదెక్కింది, నాకు బుద్ధి వచ్చింది: సరుకు చేసే ముందు రైతు చూసుకోవాల్సినవి



పై వీడియోలో కనిపిస్తున్నది మా గేదెల కుడితి తొట్టి. నేను ఒక్కొక్కటే చించి అందులో కొంచెం కొంచెంగా పోస్తున్న పాకెట్లు మావే. మా పొలంలో పండిన సజ్జలు, మేమే పట్టించిన పిండి, మా అబ్బాయి కంప్యూటర్‌లో తయారుచేసిన స్టిక్కర్. దాని మీద జోడెద్దుల బొమ్మ, కింద "ప్రకృతి సేద్యంలో పండినది" అనే మాట కూడా చూడొచ్చు. 2024 ఏప్రిల్‌లో తీసిన వీడియో ఇది. అప్పుడు పెట్టడానికి సిగ్గేసింది. ఇప్పుడెందుకు పెడుతున్నానంటే, ఈమధ్య ఏ రైతు శిక్షణకు పోయినా ఒకటే మాట వినిపిస్తోంది. "గింజ అమ్మొద్దు, సరుకు చేసి అమ్ము. విలువ జోడించు." మాట మంచిదే. కానీ ఆ సరుకు ఎట్లా ఉండాలి, ఎంత ఉండాలి, ఎవరి కోసం ఉండాలి అని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. మిషన్ కొనడం గురించి చెప్తారు, లోన్ గురించి చెప్తారు, బ్రాండ్ పేరు గురించి చెప్తారు. అవన్నీ తర్వాతి సంగతులు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మందులు లేకుండా పండించడం పొలంలో పాసయ్యే పరీక్ష. పాకెట్టుకు ఇంకో పరీక్ష ఉంది, అది కొనేవాళ్ల వంటింట్లో జరుగుతుంది. మొదటిదాంట్లో నూటికి నూరు వచ్చినా రెండోదాంట్లో మార్కులు కలవవు. మన ప్రకృతి సేద్యం రైతులం ఎక్కువమందిమి ఈ రెండూ ఒకటే అనుకుని దెబ్బతింటున్నాం. నేను తిన్నాను కాబట్టి చెప్తున్నాను.

అసలు జరిగింది ఇదీ

2023 గుర్తుంది గదా, ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది. ఎక్కడ చూసినా కొర్రలు, సజ్జలు, రాగులు అన్న మాటలే. మాది అనంతపురం వైపు, వానాధారం భూమి. ఆ ఖరీఫ్‌లో నేను రెండెకరాల్లో సజ్జ వేశాను. ఘనజీవామృతం, ద్రవజీవామృతం తప్ప వేరే ఏమీ వాడలేదు. 9 క్వింటాళ్లు వచ్చాయి. ఆ ఏడాది సజ్జకు మద్దతు ధర క్వింటాల్‌కు 2,500. ఊరికొచ్చిన వ్యాపారి 2,100 అన్నాడు. మందు వేసిన సజ్జకూ అదే రేటు, నా సజ్జకూ అదే రేటు. ఒళ్లు మండింది. "నేనే పిండి చేసి అమ్ముకుంటా పో" అన్నాను.

మార్చిలో రెండు క్వింటాళ్లు పిండి పట్టించాను. తాలు, పొట్టు, మిషన్‌లో పోయింది పోగా 180 కిలోలు వచ్చింది. కిలో పాకెట్లు 180. టౌన్‌లో మూడు షాపుల్లో పెట్టాను, కొన్ని హైదరాబాద్ బంధువుల ద్వారా పంపాను. రేటు 90 రూపాయలు.

పది రోజులు ఫోన్ మోగితే సంతోషమేసేది. మూడో వారం నుంచి ఫోన్ మోగితే భయమేసింది. "పిండి చేదుగా ఉందండీ." "ఏదో వాసన వస్తోందండీ." నెల తిరిగేసరికి 180లో 104 పాకెట్లు వెనక్కి వచ్చాయి. షాపాయన డబ్బులు పట్టుకుని ఒక మాటన్నాడు: "అన్నా, నీ పంట మంచిదే. నీ పాకెట్టే మంచిది కాదు." రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఇంకా గట్టిగా అన్నది: "బాబూ, మందు లేదని కొన్నాను, చేదుగా ఉందని పారేశాను. నా డబ్బు పోతే పోయింది, ఇంకోసారి ఇట్లాంటివి కొనాలంటే మనసొప్పదు." ఆ రెండో మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నేను పోగొట్టింది నా ఒక్కడి గిరాకీ కాదు. మనందరి మీద ఆమెకున్న నమ్మకాన్ని పోగొట్టాను.

చేదెందుకు ఎక్కింది?

మొదట్లో నేనూ అందరిలాగే చెప్పుకున్నాను: "మందులు లేవు కాబట్టి తొందరగా పాడైంది, అదే స్వచ్ఛతకు గుర్తు." ఈ మాట మనవాళ్ల నోట చాలాసార్లు వింటుంటాం. తప్పండీ. యూరియా వేసి పండించిన సజ్జ పిండి కూడా ఇట్లాగే చేదెక్కుతుంది. అది సాగు పద్ధతిలో ఉన్న సంగతి కాదు, గింజలో ఉన్న సంగతి.

సజ్జలో కొవ్వు నూటికి 5 పాళ్లకు పైనే ఉంటుంది. రాగిలో, జొన్నలో రెండు పాళ్ల లోపు. పాలిష్ పట్టిన బియ్యంలో ఒక పాలు కూడా ఉండదు. సజ్జ గింజలో మొలక భాగం పెద్దది, ఆ కొవ్వు ఎక్కువగా అక్కడే ఉంటుంది. గింజలోనే ఆ కొవ్వును విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ కూడా ఉంటుంది. గింజ గింజగా ఉన్నంతకాలం రెండూ వేరువేరు గదుల్లో ఉన్నట్టు. పిండి పట్టగానే గోడలు కూలిపోతాయి, రెండూ కలుస్తాయి. దానికి గాలి, తేమ, ఎండ తోడైతే ఇంకేముంది. నేను చేసింది మార్చిలో, మా అనంతపురం వేడిలో. గింజగా నెలల తరబడి బాగున్న సజ్జ, పిండి అయ్యాక రెండు మూడు వారాలకే చెయ్యి ఎత్తేసింది.

మా అవ్వకు లైపేజ్ పేరు తెలియదు. అయినా ఆమె ఎప్పుడూ తిరగలి ముందు కూర్చుని రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే విసురుకునేది. మూట గింజల్లోనే ఉండేది. నాకు ఆ లెక్క కళ్లముందే ఉండి కూడా కనిపించలేదు.

మొదటి ప్రశ్న: ఎవరు, ఎప్పుడు, ఎట్లా తింటారు?

పాకెట్లు వెనక్కి వచ్చాక నేను చేసిన ఒకే ఒక్క మంచి పని ఏమిటంటే, కొన్నవాళ్ల ఇళ్లకు పోయాను. డబ్బులు తిరిగిచ్చే వంకతో పన్నెండు ఇళ్లకు పోయాను. మంచినీళ్లు తాగి, వాళ్ల వంటింటి డబ్బాలు చూపించమని అడిగాను. అక్కడ నేర్చుకున్నది ఏ శిక్షణలోనూ నేర్చుకోలేదు.

టౌన్‌లో ఇంట్లో ఉండేది ముగ్గురు నలుగురు. సజ్జ రొట్టె చేసేది వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. అంటే కిలో పాకెట్టు నెలా నెలన్నర వాళ్ల డబ్బాలోనే ఉంటుంది. నా పిండి మూడు వారాలకు మించి ఆగదు. ఇంక లెక్క ఎక్కడ కుదురుతుంది? కిలో పాకెట్టు చేసిన రోజే నేను ఓడిపోయాను. అర కిలో చేసి ఉంటే సగం ఫిర్యాదులు వచ్చేవి కావు.

రెండోది, కాలం. సజ్జ వేడి చేస్తుందని మన దగ్గర చలికాలంలోనే ఎక్కువ తింటారు. భోగి పండక్కి నువ్వులద్దిన సజ్జ రొట్టె చేసుకునే ఇళ్లు ఎన్నో. నేను మార్కెట్‌లోకి దిగింది మార్చిలో! అందరూ సజ్జ డబ్బా పక్కన పెట్టి రాగి అంబలికి పోయే కాలంలో. వేడి చేస్తుందా లేదా అనే వాదన నాకొద్దు. కొనేవాళ్లు అట్లా నమ్ముతున్నారు, నేను వాళ్లకు అమ్మాలి.

మూడోది, చెయ్యి. పెద్దవాళ్లకు సజ్జ రొట్టె తట్టడం వస్తుంది. కోడళ్లకు, కూతుళ్లకు చాలామందికి రాదు. వేడినీళ్లు పోసి పిండి కలపాలని, అప్పటికప్పుడు తట్టాలని తెలియక, గోధుమ పిండిలా చపాతీ కర్రతో ఒత్తితే పగిలిపోయింది. "మీ పిండి బాగాలేదు" అన్నారు. పిండి తప్పు కాదు, ఎట్లా చేయాలో పాకెట్టు మీద నాలుగు ముక్కలు రాయకపోవడం నా తప్పు.

కాబట్టి ఏ సరుకైనా సరే, కొర్ర రవ్వ గానీ, వేరుశనగ నూనె గానీ, పసుపు గానీ, ముందు పది ఇళ్ల వంటిళ్లు చూసి రండి. నెలకు ఎంత వాడతారు? ఎక్కడ పెడతారు? ఎవరు వండుతారు? ఏది వాడుతున్నారు ఇప్పుడు? ఈ నాలుగూ తెలియకుండా కవర్లు ఆర్డర్ ఇవ్వొద్దు.

రెండో ప్రశ్న: ఎన్నాళ్లు ఆగుతుంది?

నా దృష్టిలో తినే సరుకు తయారీలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పాకెట్టు సైజు, అమ్మే చోటు, రవాణా, రేటు అన్నీ దీన్నిబట్టే ఉంటాయి. మూడు వారాలు ఆగే సరుకును షాపులో పెట్టడమంటే, దాని ఆయుష్షంతా షాపాయన అలమరలోనే అయిపోవడం.

దీన్ని తెలుసుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు మొదట్లో. ఇప్పుడు నేను చేసేది చెప్తాను. అమ్మబోయే కవర్లోనే, అమ్మబోయే పద్ధతిలోనే పది పన్నెండు పాకెట్లు కడతాను. నాలుగు ఇంట్లో అలమరలో, నాలుగు రేకుల షెడ్డులో, మిగతావి ఫ్రిజ్‌లో పెడతాను. ప్రతి వారం ఒక్కో చోటి నుంచి ఒకటి విప్పి వాసన చూసి, రొట్టె చేసి, ఇంట్లో నలుగురికీ పెట్టి, ఎవరేమన్నారో నోట్‌బుక్‌లో రాస్తాను. ఈ పరీక్ష ఏప్రిల్, మే నెలల్లోనే చేయాలి. డిసెంబర్‌లో చేస్తే అబద్ధపు ధైర్యం వస్తుంది. తేదీ వేసేటప్పుడు రేకుల షెడ్డు పాకెట్టును లెక్కలోకి తీసుకోవాలి, ఫ్రిజ్‌దాన్ని కాదు. ఎందుకంటే పార్సిల్ ఆఫీసు, షాపు వెనక గోడౌన్ అట్లాగే ఉంటాయి.

పిండి ఎక్కువ రోజులు ఉండే పద్ధతులు లేకపోలేదు. గింజను మరిగే నీళ్లలో అర నిమిషం లోపు ముంచి తీసి, బాగా ఎండబెట్టి పట్టిస్తే ఆ ఎంజైమ్ పని తగ్గిపోతుంది. పొడిగా వేయించి పట్టినా కొంత ఉపయోగమే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఇట్లాంటి ప్రాసెసింగ్ మీద పనిచేస్తోంది, శిక్షణలూ ఇస్తుంది. చిరుధాన్యాల సరుకు చేయాలనుకునేవాళ్లు ఒకసారి పోయి చూసి రావడం మంచిది. నేనూ ముంచి ఎండబెట్టే పద్ధతి చేసి చూశాను. కానీ ఎండబెట్టే చోటు, కూలి, మబ్బు పట్టిన రోజుల బెంగ, ఇవన్నీ చూసుకుంటే నా స్థాయికి కుదరలేదు. మీకు డ్రయ్యర్ ఉంటే కుదరొచ్చు.

మూడో ప్రశ్న: లెక్కలో నీ ఒళ్లు కూడా ఉందా?

ఇది కొంచెం చేదు సంగతే. 90 రూపాయలకు అమ్మినప్పుడు నేను వేసుకున్న లెక్క చూడండి. సజ్జ కిలో 21 (వ్యాపారి ఇస్తానన్న రేటు), పిండి పట్టడం 6, కవరు స్టిక్కర్ 8, రవాణా 8. మొత్తం 43. షాపుకు నూటికి 25 పోతే నాకు చేతికొచ్చేది 67.50. మిగులు 24.50. ఎగిరి గంతేశాను.

ఇప్పుడు అసలు లెక్క. మందుల్లేకుండా పండించి, కుటుంబం బతకాలంటే నాకు గింజకు కనీసం 35 రావాలి. 100 కిలోల గింజకు 90 కిలోల పిండే వస్తుంది కాబట్టి కిలో పిండికి గింజ ఖర్చు 39. పట్టడం 6. కవరు 8. చెరగడం, తూకం, సీల్ వేయడం మా ఆవిడా నేనూ చేసినా అది పనే గదా, దానికి 6. రవాణా 8. మొత్తం 67. చేతికొచ్చేది 67.50. మిగిలింది అర్ధ రూపాయి! అదీ ఒక్క పాకెట్టు కూడా వెనక్కి రాకపోతే.

మొదటి లెక్కలో నేను మోసపోయింది ఎక్కడ? వ్యాపారి నన్ను తొక్కిన రేటునే నా గింజకు విలువ కట్టుకున్నాను. నా ఇల్లాలి చేతుల పనికి సున్నా వేశాను. ఆ రెండూ కలిపి "లాభం" అని పేరు పెట్టుకున్నాను. అక్కచెల్లెళ్లూ, ముఖ్యంగా మీరు వినండి. మన ఇళ్లల్లో సరుకు తయారీ అంటే తొంభై పాళ్లు ఆడవాళ్ల పని. ఆ పని రేటులో లేకపోతే ఆ వ్యాపారం ఆమె నడుము మీద నడుస్తున్నట్టే.

ఇక మిషన్ల సంగతి. 2020లో మొదలైన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద చిన్న ఆహార యూనిట్లకు బ్యాంకు రుణంతో ముడిపెట్టి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఇస్తూ వచ్చారు. మంచిదే. కానీ సబ్సిడీ వస్తోందని మిషన్ కొని, మిషన్ ఉందని సరుకు చేసి, సరుకు ఉందని కొనేవాళ్లను వెతకడం తలకిందుల పని. మిగతాది మన భారమేనని మర్చిపోవద్దు. ఊళ్లో పిండి మిషన్ ఉన్నంతకాలం కిరాయికి పట్టించుకోండి. నెలకు ఎంత పోతుందో ఏడాది చూసి, అప్పుడు ఆలోచించండి.

నాలుగో ప్రశ్న: ఏడాది పొడుగునా ఇవ్వగలవా?

షాపాయన నన్ను అడిగిన ప్రశ్న: "నెలకు ఎన్ని ఇస్తావ్? ఆగస్టులో ఇస్తావా?" నా దగ్గర జవాబు లేదు. మనకు పంట ఒకసారి వస్తుంది, వాళ్లకు గిరాకీ రోజూ ఉంటుంది. 9 క్వింటాళ్లలో ఇంటికీ విత్తనానికీ ఒకటిన్నర తీస్తే మిగిలింది ఏడున్నర. పది నెలలకు పంచితే నెలకు 75 కిలోల గింజ. అదే నా మార్కెట్. ఇంతకు మించి ఆర్డర్ తీసుకుంటే పక్కవాళ్ల సజ్జ కొనాలి, అది ఎట్లా పండిందో నాకు తెలియదు. ఒక్కసారి కల్తీ మొదలైతే ఇంక మన బోర్డు పీకేయడమే మేలు.

పెద్ద ఆర్డర్ కావాలంటే కలిసి చేయాలి. మా జిల్లా పక్కనే, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ అండతో రైతులు ధరణి అనే సహకార సంఘం పెట్టుకుని చిరుధాన్యాలు, వేరుశనగ ప్రాసెస్ చేసి అమ్ముకుంటున్నారు. ఒక్కడి వల్ల కానిది సంఘం వల్ల అవుతుంది. ఒక్కడే చేసేదైతే తన పంటకు సరిపడా ఇళ్లు చూసుకుంటే చాలు.

నిల్వ కూడా ఇందులో భాగమే. గింజను బాగా ఎండబెట్టి, తేమ 12 శాతం లోపుకు తెచ్చి, గాలి చొరని సంచుల్లో గానీ మూత బిగుసుకునే డ్రమ్ముల్లో గానీ నిండుగా పోసి పెట్టాలి. పళ్ల మధ్య కొరికితే టక్కుమని విరగాలి, నలగకూడదు. పురుగు పడిన గింజ చూపించి "చూశారా, మందు లేదు కాబట్టే పురుగు" అంటే నవ్వుతారు. కొనేవాళ్లకు పురుగూ వద్దు, మందూ వద్దు. ఆ రెండూ లేకుండా ఇవ్వడమే మన పనితనం.

ఐదో ప్రశ్న: పాకెట్టు మీద రాసింది నిజమేనా?

కవరు ఆకర్షణగా ఉండాలంటారు. ఉండాలి. అంతకన్నా ముందు అది పనిచేయాలి. పైకి కాగితం కవరు అందంగా, సహజంగా ఉంటుంది గానీ ఉత్త కాగితంలోంచి తేమ లోపలికి పోతుంది. పూర్తి పారదర్శకమైన కవరులో సరుకు కనిపిస్తుంది గానీ వెలుతురు పిండిని తొందరగా పాడుచేస్తుంది. నేను లోపల పొర ఉన్న కవరు, ముందువైపు చిన్న కిటికీ ఉన్నది వాడుతున్నాను. రూపాయి ఎక్కువే, లెక్కలో వేసుకున్నాను.

రాయాల్సినవి వదలొద్దు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబర్, నికర తూకం, అన్ని పన్నులతో కలిపి ధర, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోపు వాడాలి, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకు ఫోన్, శాకాహారపు పచ్చ గుర్తు. చిన్నవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ రుసుము ఏడాదికి వంద రూపాయలతో అయ్యే పని. దానికి భయపడి దొంగచాటుగా అమ్మడం ఎందుకు?

"సేంద్రియ" అనే మాట దగ్గర జాగ్రత్త. 2017 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం ఆ మాట వేసి అమ్మాలంటే ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్-ఇండియా గానీ ధ్రువీకరణ ఉండాలి. నేరుగా తినేవాళ్లకే అమ్ముకునే చిన్న రైతుకు మినహాయింపు ఉంది గానీ, ఆ మినహాయింపుతో జైవిక్ భారత్ గుర్తు వేసుకోకూడదు. పీజీఎస్ అంటే కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి. ఖర్చు తక్కువ, మన ఊళ్లోనే అవుతుంది.

ఇంకో మాట. నా మొదటి స్టిక్కర్ మీద "షుగర్‌ను తగ్గిస్తుంది" అని వేయించాను. ఎవరో వేశారని నేనూ వేశాను. జబ్బు నయమవుతుందని తినే సరుకు మీద రాయడం చట్టం ఒప్పదు. చట్టం సంగతి అటుంచండి, ఆ టీచరమ్మ షుగర్ పేషెంటే. నా స్టిక్కర్ నమ్మి ఆమె మాత్ర మానేసి ఉంటే? ఆలోచిస్తే చెమటలు పట్టాయి. ఇప్పుడు నా పాకెట్టు మీద ఉన్నది ఇంతే: ఏ పొలం, ఏ నెల కోత, ఏ రోజు పిండి పట్టాం, ఎట్లా రొట్టె చేయాలి.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే

సరుకును పెంచడం మానేసి తగ్గించాను. నా ప్రధాన సరుకు ఇప్పుడు పిండి కాదు, శుభ్రం చేసిన సజ్జ గింజ. రాళ్లు లేకుండా డీస్టోనర్‌లో కిరాయికి వేయించి, కిలో పాకెట్లు కడుతున్నాను. నెలలు ఆగుతుంది, ఎంత దూరమైనా పోతుంది. పిండి కావాల్సినవాళ్లు బుధవారం లోపు వాట్సాప్‌లో చెప్పాలి. గురువారం సాయంత్రం పట్టిస్తాం, శుక్రవారం టౌన్‌కు చేరుస్తాం. అర కిలో పాకెట్లే. పట్టిన తేదీ పెద్ద అక్షరాల్లో, కింద "15 రోజుల్లో వాడండి, ఫ్రిజ్‌లో పెడితే మంచిది" అని ఉంటుంది. షాపుకు పిండి ఇవ్వను. ఎండాకాలంలో పిండి ఆర్డర్లు తీసుకోను.

అర కిలో 55 రూపాయలు, అంటే కిలో 110. గింజ 39, పట్టడం 6, రెండు కవర్లకు 10, మా పనికి 8, చేరవేతకు 12, మొత్తం 75. కిలోకు 35 మిగులుతుంది. సీజన్‌లో నెలకు 60 కిలోల పిండి పోతుంది, అంటే 2,100 రూపాయలు. దీంతో మేడలు కట్టలేను. కానీ నా గింజకు 21కి బదులు 35 వస్తోంది, మా ఆవిడ పనికి కూలి వస్తోంది, ఆపైన ఈ 2,100. వెనక్కి వచ్చిన పాకెట్లు గత సీజన్ మొత్తంలో మూడే, అవీ సీల్ సరిగా పడనివి.

కొర్రలకూ అదే సూత్రం పెట్టుకున్నాను. పొట్టుతో ఉన్న కొర్ర ఏళ్ల తరబడి ఆగుతుంది. బియ్యం చేశాక ఆగేది తక్కువ. అందుకే మూటలు పొట్టుతోనే ఉంటాయి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే బియ్యం పట్టిస్తాం. ప్రకృతి గింజకు ఇచ్చిన పొట్టుకన్నా మంచి ప్యాకింగ్ నేను కొనలేను.

"అట్లయితే విలువ జోడించొద్దంటారా?" అని మీరు అడగొచ్చు. జోడించండి. రాళ్లు లేకుండా ఇవ్వడం విలువే. తాజాగా పట్టించి ఇవ్వడం విలువే. నిజం తేదీ వేయడం విలువే. విలువ అంటే గింజ రూపం మార్చడం ఒక్కటే కాదని నా మాట. మనం ఎంత మార్చామన్నది కొనేవాళ్లకు పట్టదు, వాళ్ల పని ఎంత తేలికైందన్నదే పడుతుంది.

చివరగా, నా దగ్గర గెలుపుకు ఒకటే కొలత ఉంది. మొదటిసారి కొన్నవాళ్లు మనమీద జాలితోనో, "నేచురల్" అన్న మాట చూసో కొంటారు. రెండోసారి కొన్నవాళ్లు సరుకు చూసి కొంటారు. మూడోసారి కొన్నవాళ్లే మన గిరాకీ. ఏ సరుకైనా ముందు ఇరవై ఇళ్లకు ఇవ్వండి. నెల తర్వాత పన్నెండు ఇళ్లైనా మళ్లీ అడిగితే ముందుకు పొండి. అడగకపోతే కవర్లు ఆర్డర్ ఇవ్వకుండా ఆగి, ఎందుకు అడగలేదో పోయి కనుక్కోండి.

పోయిన భోగికి టీచరమ్మ ఫోన్ చేసింది. ఎట్లాగో మా నంబర్ దాచిపెట్టుకుంది. "ఈసారి చేదు లేదంటున్నారు, నిజమేనా బాబూ?" అంది. "అర కిలో పంపిస్తానమ్మా, తిని చెప్పండి, డబ్బులు తర్వాత" అన్నాను. పండగ వెళ్లిన మూడో రోజు డబ్బులు వేసి, ఇంకో అర కిలో అడిగింది.

మీలో సరుకు చేసి దెబ్బతిన్నవాళ్లుంటే కింద రాయండి. ఏ పంట, ఏ సరుకు, ఎక్కడ తప్పింది అన్నది రాస్తే ఇంకో రైతు తొట్టిలోకి పాకెట్లు పోకుండా ఉంటాయి. వచ్చే వీడియోలో డ్రమ్ముల్లో గింజ నింపే పద్ధతి చూపిస్తాను.

ఉంటానండీ.